నాలుగో మిద్దె మీద కెంపి

ఆవు మెట్లెక్కుతుంది. దిగమంటే దిగదు.

ఈ మాట సొన్నమ్మకు వాళ్ళ నాయన నారాయణప్ప చెప్పాడు. ఒకసారి చెప్పి ఊరుకోలేదు, ఆవు పలుపు ఆమె చేతికి ఇచ్చిన ప్రతిసారీ చెప్పేవాడు. "ఒగటో మిద్దెకు ఎక్కించు. కాదనలేకపోతే రెండో మిద్దె. దానికి పైన మాత్రం, ఎవరు కాళ్ళా వేళ్ళా పడినా ఎక్కించొద్దు" అనేవాడు. సొన్నమ్మ తలూపేది. ఆమె ఎక్కువగా తలూపే మనిషి.

అలాంటిది ఆ శ్రావణమాసం పొద్దున, ఇంకా కాకులు కూడా సరిగ్గా లేవకముందే, వాళ్ళ కెంపి నాలుగో మిద్దె మీద నిలబడి ఉంది. అది కూడా నెలలు నిండిన చూలుతో.

బెళ్ళందూరు చెరువుకు ఇవతల పక్క ఊరు వాళ్ళది. సొన్నమ్మ చిన్నప్పుడు ఇంటి ముందర రాగి చేను ఉండేది, చేను దాటితే తుంగ, తుంగ దాటితే నీళ్ళు. ఏడో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. బడి గంట కొట్టేలోపల ఆవులకు పాలు పిండి, పేడ తీసి, వంట చేయడం ఆ పిల్ల వల్ల కాలేదు. టీచరు రెండుసార్లు మనిషిని పంపింది. తర్వాత పంపడం మానేసింది. సొన్నమ్మ పుస్తకాలు అటక మీద పెట్టి, మళ్ళా దించలేదు.

తర్వాత కొన్నాళ్ళకు చేను పోయింది. అన్న లారీ కొనుక్కుని హొసకోటలో కాపురం పెట్టాడు. మేపడానికి చోటు లేక ఆవుల్ని ఒక్కొక్కటిగా అమ్మేశారు. ఎర్రావు ఒక్కటి మిగిలింది. చేలో మొదటి బ్లాకు పిల్లర్లు లేచిన ఏడు అది ఈనింది. పుట్టింది పెయ్య. తల్లిలాగే ఎర్రగా ఉందని కెంపి అని పిలుచుకున్నారు.

ఆ బిల్డింగు పూర్తయిన మొదట్లో, బూట్లేసుకున్న ఒకాయన బురద తొక్కుకుంటూ వాళ్ళ ఇంటికొచ్చి, "ఆవును ఒక పూటకి ఇస్తారా?" అని అడిగాడు. నారాయణప్పకు అర్థం కాలేదు.

"ఒగ పూటకు ఆవుతో ఏం జేస్తావప్పా?"

"ఇంట్లో తిప్పుతానండీ."

నారాయణప్ప దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి, చివరికి ఆవును తోలుకుపోయాడు. ఆ తర్వాత నవ్వడానికి తీరిక లేకపోయింది. బెళ్ళందూరు నుంచి కుందలహళ్ళి దాకా ఎక్కడ చూసినా బిల్డింగులే. ఒక్కో బిల్డింగులో వందల ఇళ్ళు, ప్రతి ఇంటికీ ఒక గృహప్రవేశం. ఊళ్ళో ఆవులేమో నాలుగైదు. నారాయణప్ప మోకాళ్ళు పట్టేశాక ఆ పని సొన్నమ్మకు వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి.

ఆ పని ఆమెకు ఒక విధంగా సరిపోయింది. ఆవు లోపలికి వస్తుంటే అందరూ ఆవునే చూస్తారు. కెంపి మెడకు అవతల పక్క నిలబడితే సొన్నమ్మను ఎవరూ పట్టించుకోరు. ఆమె మాత్రం అందర్నీ చూసేది. ఏ ఆడమనిషి ఏడ్చి మొహం కడుక్కోకుండా వచ్చిందో, ఏ మగమనిషి గోడ మీద చేత్తో తట్టి పగుళ్ళు వెతుకుతున్నాడో అన్నీ కనిపెట్టేది. ఎన్ని ఇళ్ళు చూసిందో ఆమెకే తెలియదు. అయితే అన్నీ ఖాళీగానే చూసింది. సున్నం వాసన, పొంగిన పాల మాడు వాసన, గోడకు ఆనించిన ఒక దేవుడి పటం. ఆ ఇళ్ళలో తర్వాత మంచాలు ఎటు వేశారో, పిల్లలు ఏ గోడ మీద గీతలు గీశారో ఆమెకు తెలిసే వీల్లేదు. రెండోసారి ఆవును ఎవరూ పిలవరు కదా.

ఈ గృహప్రవేశం వాళ్ళది ఏలూరు. పెద్దావిడ పేరు పద్మావతి. కొడుకు ఓంకార్, కోడలు హరిణి, ఇద్దరూ కంప్యూటర్ ఆఫీసుల్లో పని. ముహూర్తానికి వారం ముందు పద్మావతమ్మ ఆవును చూసుకోవడానికి స్వయంగా వచ్చింది. తోడుగా వాళ్ళ బిల్డింగు సెక్యూరిటీ సూపర్‌వైజరు జ్ఞానప్రకాశం వచ్చాడు. కోలారు గనుల దగ్గర పుట్టిన మనిషి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒక్క ముక్కలో కలిపి మాట్లాడేవాడు. ఆయన దగ్గరుంటే ఎవరి మాట ఏమిటో ఆ రోజే తేలిపోయేది. కానీ వాకీటాకీ గుర్రుమనడంతో గేటు అవతలికి పోయి ఎవరినో తిడుతున్నాడు.

పద్మావతమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కొట్టం బయటే నిలబడి చూసింది.

"ఇదేనా? బావుంది. మొహంలో లక్ష్మీకళ ఉంది."

సొన్నమ్మ గడ్డి విదిలిస్తూ, నేల చూపులు చూస్తూ, "ఇది గబ్బం అమ్మా" అంది.

ఆ మాట అనడమే ఆమెకు పెద్ద పని. మనుషులకైతే కడుపంటారు, పశువుకైతే గబ్బం అంటారు. వాళ్ళ ఊర్లో తెలుగు మాట్లాడినా కన్నడం మాట్లాడినా అదే మాట. పైగా ఈనేదాకా ఆ సంగతి బయటివాళ్ళ ముందు ఎత్తకూడదు, దిష్టి తగులుతుంది. అయినా చెప్పకపోతే తప్పని చెప్పింది.

పద్మావతమ్మ గట్టిగా నవ్వింది. "ఆవన్నాక ఆమాత్రం ఉండదూ? దానికేం ఫరవాలేదమ్మాయ్. శుభ్రంగా కడిగి, పసుపు రాసి తీసుకురా. మేమూ సాంబ్రాణి వేస్తాంగా!"

సొన్నమ్మ ఆశ్చర్యపోయింది. ఏలూరు పక్క గబ్బమావుకు పసుపు రాసి సాంబ్రాణి వేసి మర్యాద చేస్తారు కాబోలు అనుకుంది. ఎంత మంచి మనుషులు! ఇంత మర్యాద తెలిసినవాళ్ళు దాన్ని మెట్లెక్కమంటారా? కింద కార్లు నిలిపేచోటే పూజ చేసుకుంటారు. పై అంతస్తుల వాళ్ళు చాలామంది అట్లే చేసుకుంటున్నారు కూడా. ఈనడానికి ఇంకా మూడు వారాలుంది, నాలుగు అడుగులు నడిస్తే కెంపికి మంచిదే అని నారాయణప్ప కూడా ఒప్పుకున్నాడు.

ముహూర్తానికి ముందు రాత్రంతా వాన కురిసి తెల్లవారుజామున తెరిపి ఇచ్చింది. సొన్నమ్మ కెంపిని కడిగి, కొమ్ములకూ నొసటికీ పసుపు రాసి తీసుకొచ్చింది. పిల్లర్ల మధ్య తడిలేని చోటు చూసి నిలబెట్టింది. పైనుంచి టేప్‌రికార్డర్‌లో సన్నాయి వినబడుతోంది. కాసేపటికి పద్మావతమ్మ పట్టుచీరలో, వెనక పదిమంది చుట్టాలతో దిగొచ్చింది.

"అక్కడే నిలబడ్డావేంటమ్మాయ్? పైకి తీసుకురా!"

"పైకా?"

"మరి? కార్లకా గృహప్రవేశం?"

చుట్టాలంతా గొల్లుమన్నారు. సొన్నమ్మ చెవులు వేడెక్కాయి. అయినా, "గబ్బం గదమ్మా..." అంది.

"అబ్బబ్బ, మళ్ళీ అదే! కడిగావుగా, నిగనిగలాడిపోతోంది. ఇంకెందుకు బెంగ? పద పద, వర్జ్యం వచ్చేస్తుంది."

కడగడానికీ మెట్లెక్కడానికీ ఏం సంబంధమో సొన్నమ్మకు బోధపడలేదు. అడగాలనే నోరు తెరిచింది. అన్ని కళ్ళూ ఒక్కసారిగా కెంపి మీంచి ఆమె మీదికి తిరిగాయి. నోరు దానంతటదే మూసుకుపోయింది. జ్ఞానప్రకాశం కోసం చూసింది. ఆయన అప్పటికే పైన మెట్ల మీద జనాన్ని పక్కకు జరుపుతున్నాడు.

ఓంకార్ పట్టుపంచె జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అరటిపళ్ళు చూపిస్తూ, "రండి, రండి" అని ఆవును పిలిచాడు.

"ఆవుని అండీ అంటావేంట్రా, అదేమన్నా మీ మేనేజరా?" అంది తల్లి. మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వుల్లో కెంపి తనంతట తానే మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. అరటిపండు వాసన దానికి చాలా ఇష్టం. సొన్నమ్మ పలుపు బిగబట్టింది కానీ గట్టిగా లాగలేదు. అప్పుడు లాగుంటే సరిపోయేది.

నున్నటి గ్రానైటు మెట్లు. గిట్టలు టకటక మోగాయి. ఒకటో మిద్దె. రెండో మిద్దె. అక్కడ సొన్నమ్మ ఒక్క క్షణం ఆగింది, వెనకనుంచి ఎవరో "ఊఁ, కానీ" అన్నారు. మూడో మిద్దె దగ్గరికొచ్చేసరికి కెంపి ఆయాసపడుతూ నురగ కక్కింది. సొన్నమ్మ దాని డొక్క మీద చెయ్యి వేసింది. లోపల దూడ కాలితో తన్నిన అదురు అరచేతికి తెలిసింది.

ఇంట్లో కెంపి మర్యాదగా నడుచుకుంది. హాలంతా తిరిగింది, హారతికి కళ్ళు ఆర్పింది. కొత్త టైల్స్ మీద పేడ కూడా వేసింది. శుభం, శుభం అని అందరూ సంబరపడిపోయారు. హరిణి ఫోటోలు తీసింది. కిటికీలోంచి సొన్నమ్మకు తమ ఇల్లు కనిపించింది. సిమెంటు రేకులు, గడ్డివామి, నులకమంచం మీద చీమంత నాయన. ఇంటిని అంత పైనుంచి ఆమె ఎన్నడూ చూడలేదు. చూడబుద్ధి కాక తల తిప్పుకుంది.

"ఇంక తీసుకెళ్ళమ్మా, భోజనాల వేళకి రా" అంది పద్మావతమ్మ.

కెంపి గుమ్మం దాటింది, మెట్ల దాకా నడిచింది, అక్కడ ఆగిపోయింది. తల వంచి మొదటి మెట్టు వాసన చూసింది. ముందుకాలు ఒకటి దించింది. గిట్ట సర్రున జారింది. కాలు వెనక్కి లాక్కుని, చర్మమంతా వణికిస్తూ, నాలుగు కాళ్ళూ నేలలో దిగగొట్టినట్టు నిలబడిపోయింది.

సొన్నమ్మ గడ్డి చూపింది. బెల్లం చూపింది. చెవిలో గుసగుసగా పేరు పెట్టి పిలిచింది. కళ్ళకు తువ్వాలు కప్పింది. వెనక్కి తిప్పి దించుదామని చూసింది. కెంపి కదల్లేదు. లోపల బంతిభోజనాలు మొదలయ్యాయి, గారెలు అయిపోయాయి, వంటవాడు మళ్ళా వేశాడు. చుట్టాలు ఒక్కొక్కరే లిఫ్టులో దిగి వెళ్ళిపోయారు. ఆ లిఫ్టులో నలుగురు మనుషులు నిలబడితే ఐదోవాడికి చోటుండదు, ఆవు సంగతి చెప్పక్కర్లేదు. కెంపి అంబా అని అరిచినప్పుడల్లా మెట్ల గూడు అంతా దద్దరిల్లి, కింది అంతస్తుల్లో తలుపులు తెరుచుకుంటున్నాయి.

జ్ఞానప్రకాశం చెమటలు కక్కుకుంటూ ఎక్కొచ్చాడు. "సొన్నమ్మా, బిల్డింగు సెక్రెటరీ సారు ఫోన్ మీద ఫోన్. ఇంకొక గంటలో ఆవు దిగలేదంటే నా యూనిఫాం విప్పి దానికి తొడుగుతాడంట! నువ్వు అవతలికి జరుగు తల్లీ."

ఆయన వెనక, పక్క సైటులో పనిచేసే మనుషులు నలుగురు, చేతుల్లో మోకు.

"వద్దన్నా" అంది సొన్నమ్మ. ఆ మాట ఆమెకే వినబడలేదు.

ఇద్దరు కొమ్ములకు మోకు కట్టి కింది మెట్ల మీద నిలబడ్డారు. ఇద్దరు వెనక చేరారు. "తోక మెలిపెడితే ఏనుగైనా నడుస్తాది" అన్నాడొకడు. లాగారు. కెంపి ముందుకాళ్ళు రెండు మెట్లు కిందికి జారాయి. వెనకకాళ్ళు పైనే ఉన్నాయి. కడుపు బరువంతా ముందుకు వాలింది. మెడ సాగి, కళ్ళు తెల్లబడ్డాయి. వెనక నిలబడ్డ సొన్నమ్మకు దాని తోక కింద సన్నగా తీగలాంటి జిగురు వేలాడటం కనిపించింది. పొద్దున అది లేదు.

ఆమెకు తెలుసు అదేమిటో. ఇప్పుడు జారి పడిందంటే తల్లీ దక్కదు, దూడా దక్కదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి పద్మావతమ్మ ముక్కు మీద కొంగు పెట్టుకుని కోడలితో అంటోంది. "ఇంకాసేపు ఇక్కడే ఉంటే ఇల్లంతా ఒకటే గబ్బు. ఆ పిల్ల పాపం ముందే చెప్పింది, గబ్బు, గబ్బు అని. నేనే వినిపించుకోలేదు."

ఆ మాట సొన్నమ్మ చెవిలో పడింది. వారం రోజుల కిందటి నవ్వు, సాంబ్రాణి, కడిగావుగా అన్న మాట, అన్నీ ఒక్కసారి వరస కుదిరాయి.

"గబ్బు కాదమ్మా! గబ్బం! గబ్బం! కడుపుతో ఉండాది నా ఆవు! విడవండిరా మోకు!"

ఆ అరుపుకు నాలుగు అంతస్తులూ మారుమోగాయి. మోకు పట్టినవాళ్ళ చేతులు వాటంతటవే వదులయ్యాయి. కెంపి ఒక్క ఊపున వెనక్కి తన్నుకుని మెట్ల పైకి వచ్చి పడింది.

"గబ్బమా? అయ్యో ఏసప్పా!" అని జ్ఞానప్రకాశం తల మీది టోపీ తీసేశాడు.

పద్మావతమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. "సూడి ఆవా? సూడి ఆవునా నేను నాలుగంతస్తులు ఎక్కించింది? చెప్పవేమే పిల్లా!"

"చెప్తి గదమ్మా. మా ఇంటికొచ్చిన పొద్దు చెప్తి. ఈ పొద్దు కింద చెప్తి."

"నువ్వు గబ్బన్నావు!"

"మీరు సాంబ్రాణి అన్నారు!"

ఎవరికీ నవ్వు రాలేదు. కెంపి తలతో జనాన్ని తోసుకుంటూ గుమ్మం దాటి, హాలు మధ్యలో పురోహితుడు వేసిన ముగ్గు మీద మోకాళ్ళు వంచి పడుకుంది. ఒకసారి మూలిగింది. దాని వెనక నేల తడిసింది.

"ఏవైంది?" అంది హరిణి.

"ఈనుతాండాది."

ఓంకార్ పశువుల డాక్టరు కోసం ఫోన్లు చేశాడు. ఆయన దేవనహళ్ళి వైపు వెళ్ళాడని, సాయంత్రానికి గానీ రాడని ఎవరో చెప్పారు. జ్ఞానప్రకాశం పరుగున పోయి నారాయణప్పను ఆటోలో తీసుకొచ్చాడు. తీసుకొచ్చి ఏం లాభం, ఆయన మొదటి మెట్టు కూడా ఎక్కలేడు. లిఫ్టు ఎక్కమంటే ఇనప పెట్టెలో కూర్చోనని మొండికేశాడు. మెట్ల నడుమ సందులోంచి పైకి మొహమెత్తి కేక పెట్టాడు.

"సొన్నా! కాళ్ళు కనబడినాయా?"

నారాయణప్పకు చెవుడు. మామూలుగా చెప్తే చేరదు. సొన్నమ్మ మెట్ల కటకటాల మీదికి వంగి, "ముందుకాళ్ళు వచ్చినాయి నాయనా!" అని కింది దాకా వినబడేలా అరిచింది.

"ముట్టె?"

"ఇంగా లేదు!"

"లాగొద్దు! అది ముక్కినప్పుడే పట్టు!"

ఆమె మళ్ళా లోపలికి ఉరికింది. హరిణి పట్టుచీర చెంగు నడుముకు దోపి అక్కడే కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది గానీ లేవలేదు. "నేనేం చెయ్యాలో చెప్పు" అంది.

"ఆ కొత్త తువ్వాలు ఇయ్యక్కా. నాతోపాటు పట్టుకో. నేను అంటే లాగు, ఆపంటే ఆపు."

సొన్నమ్మ అట్లా ఒకరికి పని చెప్పడం అదే మొదలు. హరిణి చెప్పినట్టే చేసింది. కెంపి ముక్కింది, లాగారు. ఆగింది, ఆపారు. కాళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి అక్కడే నిలిచిపోయాయి. ఎంతకూ తల రాదు. కెంపి మెడ నేలకేసి కొట్టుకుంటోంది. హోమగుండంలో నిప్పు ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. పద్మావతమ్మ దాని పక్కన కూర్చుని ఏ దేవుడి పేరూ పూర్తిగా పలకలేక సగం సగం గొణుగుతోంది.

"సొన్నా! ఏమాయె?" కిందినుంచి కేక.

జవాబు చెప్పడానికి ఆమె లేవలేదు. కెంపి వీపు విల్లులా వంగింది. "లాగక్కా!" ఇద్దరూ వెల్లకిలా పడేంతగా లాగారు. ముట్టె వచ్చింది, నొసలు వచ్చింది, ఆ పైన అంతా ఒక్కసారిగా జారి ముగ్గులో పడింది.

దూడ కదల్లేదు.

నాలుక బయటికి వేలాడుతోంది. సొన్నమ్మ దాని నోట్లో వేలు పెట్టి జిగురు తీసింది. వెనకకాళ్ళు పట్టి ఎత్తి ఊపింది. డొక్కలు రుద్దింది. అమ్మ ఒకప్పుడు చేయగా చూసింది గుర్తొచ్చి, కెంపికని తెచ్చిన గడ్డిలోంచి ఒక పరక తీసి దూడ ముక్కులో గుచ్చింది. ఏమీ లేదు. ఇంకో ముక్కులో గుచ్చింది. హరిణి ఏడుస్తోంది. గుమ్మం దగ్గర మోకు పట్టిన నలుగురూ తలలు వంచుకు నిలబడ్డారు.

దూడ తుమ్మింది.

చాలా చిన్న తుమ్ము. తర్వాత తల విదిలించి ఇంకోటి. కెంపి నిద్ర లేచినట్టు లేచి, వెనక్కి తిరిగి, దూడను నాకడం మొదలుపెట్టింది.

"నాయనా!" సొన్నమ్మ కటకటాల దగ్గరికి పరిగెత్తింది. "పెయ్య! బతికే ఉండాది!"

కింద నారాయణప్ప పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, "మాయ పడేదాకా ఉండు. బెల్లం నీళ్ళు పట్టు. అది లేసి నిలబడినంక దూడను ముందర దించండి. కెంపిని లాగొద్దు, పిలవొద్దు. అదే వస్తాది" అన్నాడు.

అంత సులభంగా జరగలేదు. మధ్యాహ్నం తిరిగాక, జ్ఞానప్రకాశం నలుగురు మనుషులతో సైటులోంచి ఇసుక మోయించి ప్రతి మెట్టు మీదా మందంగా పరిపించాడు. సెక్రెటరీ సారు కిందినుంచి ఏదో అరిచాడు. జ్ఞానప్రకాశం వాకీటాకీ ఆపేశాడు. దూడను ఎవరు మోయాలన్నప్పుడు ఓంకార్ ముందుకొచ్చాడు. సొన్నమ్మ కెంపి పక్కన ఉండక తప్పదు మరి. అతను పట్టుపంచె ఎగ్గట్టి, తడిదూడను రొమ్ముకు హత్తుకుని, కెంపికి కనబడేలా వెనక్కి వెనక్కి దిగడం మొదలుపెట్టాడు.

"కింద చూడొద్దు సార్. దాన్నే చూడండి" అంది సొన్నమ్మ.

దూడ సన్నగా అరిచింది. కెంపి మెట్టు అంచున నిలబడి బుస్సుమంది. ముందుకాలు దించింది. ఇసుక గరగరలాడింది, కాలు నిలిచింది. రెండో కాలు. సొన్నమ్మ పలుపు వదులుగా పట్టుకుని, భుజం దాని మెడకు ఆనించి, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చింది. మూడో మిద్దె దాటారు. రెండో మిద్దె దాటారు. అందరి తలుపులూ తెరిచే ఉన్నాయి.

చివరి మలుపు దగ్గర కెంపి వెనకకాలు ఇసుకను తోసుకుంటూ జారింది. పిరుదులు మెట్లకు తగిలి, బరువంతా సొన్నమ్మ మీదికి ఒరిగింది. ఆమె గోడకు నొక్కుకుపోయింది. పక్కటెముకల్లో ఏదో కలుక్కుమంది. అరవలేదు. అరిస్తే కెంపి బెదురుతుంది. కింద ఓంకార్ చేతుల్లోంచి దూడ జారుతోంది.

"రండి" అన్నాడు అతను, దూడను పైకి ఎగదోసుకుంటూ. "రండి, రండి."

దూడ అరిచింది. కెంపి మోకాళ్ళ మీద లేచి, ఒక్కొక్క కాలే కూడదీసుకుని, మిగిలిన మెట్లు గబగబా దిగి, నేల మీద కాలు పెట్టింది. పెట్టగానే ఓంకార్ చేతుల్లో ఉన్న దూడ మొహం నాకింది. నాకుతూ నాకుతూ అతని గడ్డం కూడా నాకింది.

పద్మావతమ్మ లిఫ్టులో దిగొచ్చి, వెండి కుంకుమభరిణె తీసి కెంపికి బొట్టు పెట్టింది. దూడకు పెట్టింది. తర్వాత సొన్నమ్మ గడ్డం పట్టుకుని మొహమెత్తి, ఆమెకూ పెట్టింది. "గబ్బం" అని ఒకసారి పలికి చూసుకుంది, సున్నా గట్టిగా నొక్కి, పాఠం అప్పజెప్పే పిల్లలాగా.

దూడను లాగిన హరిణి అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "సామాన్లు వచ్చాక ఒకసారి రావాలి సొన్నమ్మా. ఊరికే, ఇల్లు చూడ్డానికి" అంది. సొన్నమ్మ తలూపింది. ఈసారి తలూపడంతో ఆగక, "వస్తానక్కా" అని కూడా అంది.

దూడను ఆటోలో నారాయణప్ప ఒళ్ళో పెట్టారు. ఆటో మెల్లగా పోతుంటే కెంపి దాని వెనకే మూతి ఆనించుకుంటూ నడిచింది. సొన్నమ్మ పక్కటెముకలు పట్టుకుని దాని పక్కన నడిచింది. ఇంటి దగ్గర దూడను గడ్డి మీద పడుకోబెట్టాక, నారాయణప్ప నులకమంచం మీద కూర్చుని కూతుర్ని ఎగాదిగా చూశాడు.

"మోకు పట్టినోళ్ళ మీద అరిచినావంటనే? జ్ఞానప్రకాశం చెప్పినాడు. నాలుగు మిద్దెలూ అదిరిపాయనంట."

"ఊఁ."

"నువ్వేనా?"

"నేనే."

"అప్పుడు నేను ఈడనే పండుకోనుంటి గదా, నాకు వినబడలేదు" అన్నాడు బాధగా. "ఎట్ల అరిచినావో ఒగసారి అరువు, విందాం."

సొన్నమ్మ నవ్వి, బిందె తీసుకుని కెంపికి నీళ్ళు తేవడానికి పోయింది.